సున్నాకు నేనింకా ఒప్పుకోలేదు

మా పక్కింటి లెక్కల సారు చనిపోయారని నాకు చెప్పింది పాలు పోసే మనిషి. తెల్లారి గేటు ముందు బండి ఆపాడు. పాకెట్టు చేతికియ్యకుండా నిలబడ్డాడు. "తాతా, సారు గద్వాలల పోయిండట. గుండెపోటట" అన్నాడు. నేను తిట్టాను. నోరు కడుక్కోని రాపో అన్నాను. సారు ఆదివారం ప్రార్థనకని గద్వాలలో ఉన్న అక్క ఇంటికి పోయారు, పొద్దున బస్సుకు వస్తానని నాతోనే చెప్పి పోయారు. చెప్పిన మనిషి రాకపోవడమేంది? పాలాయన నా తిట్లన్నీ పడ్డాడు. పాకెట్టు గోడ మీద పెట్టి, తల వంచుకొని బండి తిప్పుకున్నాడు. అప్పుడు నమ్మాను.

సారు దగ్గర చదివినవాళ్లు గద్వాలలో, నాగర్‌కర్నూలులో, వనపర్తిలో చాలామంది ఉన్నారు. పెద్ద కొలువులు చేస్తున్నారు. సారు గురించి వాళ్లు నాకంటే మంచిగా రాస్తారు. నాకు వచ్చింది వయోజన బడిలో నేర్చుకున్న అక్షరాలే. ఒత్తులు నా మనుమరాలు దిద్దుతుంది, మాటలు మాత్రం దిద్దొద్దని చెప్పాను. అయినా ఎందుకు రాస్తున్నానంటే, వాళ్లలో ఎవ్వరూ సారుతో కొట్లాడి ఉండరు. నేను కొట్లాడాను. ఆ కొట్లాట ఇంకా తెగలేదు. తెగకముందే ఆయన వెళ్లిపోయారు. అందుకే ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది రాస్తూ రాస్తూ లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది పాన్‌గల్ దిక్కు పల్లె. చేతిలో పార పట్టిన నాటి నుంచి నడుము వంగే దాకా మట్టి పని చేశాను. ఏ రాష్ట్రంలో కాలువ తవ్వుతున్నారంటే ఆ రాష్ట్రం పోయాను. నేను తవ్విన కాలువల్లో ఇప్పుడు నీళ్లు పారుతున్నాయి, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మా ముసలమ్మ నా వెంటే తట్టలు మోసింది. మా కొడుకు, కోడలు ఇప్పుడు పుణెలో బిల్డింగుల దగ్గర పని చేస్తున్నారు. వాళ్ల బిడ్డ మా దగ్గరే ఉండి వనపర్తిలో ఇంటర్ చదివింది. అన్నీ పాసై లెక్కల రెండో పేపరు తప్పింది.

తప్పిన రోజు కొడుకు ఫోను చేశాడు. "సప్లిమెంటరీ రాయనీ నాయినా. ఈసారి గూడ తప్పితే నాతోని తోల్కపోత. ఈడ సైట్ల పని ఉంది" అన్నాడు. వాడు కోపంతో అనలేదు, అలసిపోయి అన్నాడు. నా తట్ట నా కొడుకు నెత్తికి ఎక్కింది. కొడుకు నెత్తి మీది తట్ట ఈ పిల్ల నెత్తికి ఎక్కొద్దు. నాకున్న కోరిక అదొక్కటే. కానీ లెక్కల పేపరు నేను తవ్వేది కాదు కదా.

ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాం, మా ఇంటికీ పక్కింటికీ ఒకటే పొడుగాటి వరండా. నడుమ మోకాలెత్తు గోడ. కింద షాబాదు బండలు. సారు కాలేజీ నుంచి రిటైరయ్యాక ఆ పక్క భాగంలో అద్దెకు దిగారు. భార్య అంతకుముందే పోయింది. ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. నిలబడే తినేవారు, నడుస్తూనే పేపరు చదివేవారు. అంగీ జేబులో సుద్దముక్క ఉండేది, జేబు అంచు ఎప్పుడూ తెల్లగా ఉండేది. సాయంత్రం పిల్లలు వస్తే బోర్డు లేదు, ఏమీ లేదు. బండల మీదనే రాసేవారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసుకుంటూ పోయేవారు, పిల్లలు గొంతుకూర్చొని వెంట జరుగుతుండేవాళ్లు. నా మనుమరాలిని కూడా అందులోకి తోశాను.

మొదటి రోజు నేను గోడకు ఇవతల మంచం మీద ఉన్నాను. సారు గొంతు వినపడింది. "ఇయ్యాల ధర్మాలు చెప్పుకుందాం. మొదటి ధర్మం" అన్నారు. నేను లేచి కూర్చున్నాను. సారు చర్చికి పోయే మనిషి, ధర్మాలు చెప్పడమేందని ఆశ్చర్యపోయాను. ఏ దేవుడైతేనేం, మంచి మాటలు చెప్తున్నప్పుడు పండుకొని వినొద్దని తలపాగ సర్దుకొని, చెప్పులు విడిచి గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన రెండో ధర్మం చెప్పారు. మూడో ధర్మం చెప్పారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బండ మీద ఏదో పొడుగాటి కొక్కెం గీశారు, దాని నెత్తి మీద ఒక అక్షరం, కాళ్ల కింద ఒక అక్షరం. ఆగలేక అడిగాను.

"సారూ, గీ ధర్మం ఏ పురాణంలది?"

పిల్లలు పడి పడి నవ్వారు. నా మనుమరాలు మొహం మోకాళ్లలో దాచుకుంది. సారు నవ్వలేదు. సుద్ద జేబులో వేసుకొని గోడ దగ్గరకు వచ్చారు. "నిశ్చిత సమాకలనుల ధర్మాలు, పెద్దాయనా. నీళ్ల ధర్మం పల్లానికి పారుడు గదా, గట్లనే దీనికి గూడ కొన్ని గుణాలుంటయి. ఎవ్వలు చేసినా, ఎప్పుడు చేసినా మారవు. అందుకే ధర్మం అన్నరు" అన్నారు. నాకు తెలుసు, పిల్లలకు తెలుసో లేదో అని అడిగినానని అన్నాను. సారు తల ఊపారు. నా మాట నమ్మినట్లే ఊపారు. ఆ మర్యాద నేను మరిచిపోను.

ఇంకొక రోజు ఇంకొక సంగతి. సారు గోడ అవతల గట్టిగా "ఎక్స్ తీసేద్దాం, టీ పెడదాం" అన్నారు. నేను వంటింటికి పోయి మా ముసలమ్మతో, సారు టీ పెట్టమంటున్నారు, పిల్లలందరికీ పెట్టు అన్నాను. ఆమె గిన్నెడు టీ పెట్టి గ్లాసులు పట్టుకొని పోయింది. అక్కడ లెక్కలో ఎక్స్ బదులు టీ అనే అక్షరం పెట్టారట. పేరు మారినా విలువ మారదనే ధర్మం అది. సారు గ్లాసు అందుకొని, "అమ్మా, నా సర్వీసుల ఈ ధర్మం ఇంత మంచిగ ఎన్నడు చెప్పలే" అన్నారు. ఆనాటి నుంచి లెక్కలో టీ వచ్చినప్పుడల్లా పిల్లలు మా వంటింటి దిక్కు చూసేవాళ్లు. మా ముసలమ్మ కూడా విసుక్కుంటూనే పెట్టేది.

ఆ ధర్మం ఒక్కటి నాకు బాగా ఎక్కింది. పరాయి రాష్ట్రంలో మేస్త్రీలకు మా పేర్లు నోరు తిరగక అందరినీ పాలమూరు, పాలమూరు అని పిలిచేవాళ్లు. పేరు ఏదైతేనేం, తవ్విన మట్టి తవ్విన మట్టే. సారుతో ఆ మాట అంటే, "గంతే" అన్నారు.

ఇక కొట్లాట సంగతి. ఒకనాడు సారు బండ మీద నిలువు గీత, అడ్డం గీత గీసి, కుడి దిక్కు అడ్డగీతకు పైన కట్టలాగా ఒక వంపు గీశారు. ఎడమ దిక్కు గీతకు కింద గుంతలాగా అంతే వంపు గీశారు. ఇది బేసి ప్రమేయం, అవధులు మైనస్ ఏ నుంచి ఏ వరకు ఉన్నాయి కాబట్టి లెక్క చేయాల్సిన పనే లేదు, జవాబు సున్నా అని చెప్పి చేతులు దులుపుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్ట, గుంత నాకు తెలియనివి కావు.

"సారూ, గా గుంత తవ్విందెవడు? గా కట్ట పోసిందెవడు? రెండు దిక్కుల చెమట గారింది. మీరు సున్నా అని తుడిచేస్తిరి" అన్నాను.

సారు గోడ దగ్గరకు వచ్చారు. "నువ్వడిగేది వైశాల్యం, పెద్దాయనా. గది వేరే లెక్క. దాంట్ల గుంతను గూడ మీదికి తిప్పి కలుపుతం, సున్నా గాదు. నేనడిగేది గుంతను ఆ కట్ట మట్టితోని పూడిస్తే నేల మీద ఏం మిగుల్తదని. ఏం మిగలదు."

"మిగుల్తది సారూ. తవ్విన మట్టి ఉబ్బుతది. గుంతల తీసింది గుంతల పోస్తే మీద కుప్ప మిగుల్తది. నేను జూసిన."

"వానలు పడనీ. దిగుతది."

"ఎన్ని వానలు?"

సారు ఆలోచించారు. ఆ లెక్కకు వానల ప్రమేయం కావాలి, అది నా దగ్గర లేదు అన్నారు. నేను ఒప్పుకోనన్నాను. అప్పటి నుంచి ఎప్పుడు జవాబు సున్నా వచ్చినా సారు గోడ మీదుగా నా దిక్కు చూసి, "మళ్ల సున్నా వచ్చింది పెద్దాయనా, ఒప్పుకుంటవా" అని అడిగేవారు. నేను మంచం మీద నుంచి తల అడ్డంగా ఊపేవాణ్ణి. పిల్లలకు అదొక ఆట అయింది. నాకు ఆట కాదు. సారుకు కూడా ఆట కాదనుకుంటాను. ఆయన అడిగిన ప్రతిసారీ జవాబు కోసం నిలబడేవారు.

నా మనుమరాలి బాధ వేరే. దానికి తెలివి ఉంది, ఓపిక లేదు. లెక్క కనపడగానే ఎద్దు గడ్డివాములో పడ్డట్టు పడేది. పేజీలు నింపేది. నడుమ ఎక్కడో గుర్తు తప్పేది, మొత్తం చెడేది. మొదటి పరీక్ష అట్లాగే పోయింది. సారు దాని చేతిలోని పెన్ను తీసుకునేవారు. ఊరికే తీసుకొని తన జేబులో పెట్టుకునేవారు. "పొలం కొనేటోడు ముందుగాల ఏం జూస్తడు? హద్దులు జూస్తడు. నువ్వు గూడ ముందు హద్దులు జూడు. కొక్కెం నెత్తి మీద ఏముంది, కింద ఏముంది. తర్వాత పెన్ను అడుగు" అనేవారు. కొక్కెం అన్న పేరు నాది. సారు నా దగ్గర తీసుకున్నారు.

ఇంకొకటి అనేవారు. మొదటి నుంచి పోతే లెక్క తెగకుంటే కొస నుంచి రా, మొత్తం మాత్రం మారదు. ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనుక నుంచి రాసి రెండూ కలిపితే పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఒకటే అయి కొట్టుకుపోతాయట. ఒకటి మిగులుతుందట. పేజీ నిండే లెక్క నాలుగు వరుసల్లో తెగుతుందట. అట్లా తెగినప్పుడు నా మనుమరాలు తల ఎత్తి చూసిన చూపు నాకు కనపడేది. కాలువలోకి మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు కూలోళ్లు అట్లాగే చూస్తారు.

ఆ ఆదివారం సంచి భుజాన వేసుకొని బయలుదేరేముందు సారు బండ మీద ఒక లెక్క సగం రాశారు. మంగళవారమే నా మనుమరాలి సప్లిమెంటరీ పరీక్ష. "నేను రేపు వచ్చినంక మిగిలింది చేద్దాం. అప్పటిదాకా కొస నుంచి జూడు" అని దానికి చెప్పి, నాకు చెయ్యి ఎత్తి చూపించి పోయారు.

సోమవారం పొద్దున పాలాయన మాట చెప్పి పోయాక, అది ఆ బండ పక్కన పోయి కూర్చుంది. ఏడవలేదు. గోరుతో సుద్ద గీకుతూ కూర్చుంది. పుణె నుంచి కొడుకు ఫోను చేసి, రేపు పరీక్ష పెట్టుకొని ఎక్కడికీ పోవద్దు, ఇంట్లో కూర్చోబెట్టి చదివించు అన్నాడు. నేను వరండాలో ఈ కొసకు ఆ కొసకు తిరిగాను. గద్వాలకు తీసుకుపోతే చదువు పోతుంది. తీసుకుపోకపోతే సారు మొహం చూడలేదన్న మాట దానికి ఎప్పటికీ మిగిలిపోతుంది. సారు ఉంటే అడిగేవాణ్ణి. ఆయన్ను అడగాలని గోడ దిక్కు తిరిగాను కూడా. చివరికి చెప్పులు వేసుకొని, పద బిడ్డా అన్నాను.

గద్వాలలో చర్చి వెనుక సమాధుల తోట. ఎండ మండిపోతోంది. పెట్టె దింపారు. పాస్టరు ప్రార్థన చేశారు. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. నేను పిడికెడుతో ఆగలేదు. పార పట్టినవాడు గుంతలోకి మట్టి పైనుంచి విసురుతున్నాడు, పెట్టె మీద చప్పుడు అవుతోంది. నాకు వినబుద్ధి కాలేదు. ఇటు తే అని పార తీసుకొని, మట్టి అంచు నుంచి మెల్లగా జార్చాను. నడుము పట్టింది, అయినా ఇచ్చెయ్యలేదు. సారు అక్క వచ్చి, "మీరేనా గోడ పక్కాయన? నిన్న తిన్నంత సేపు మీ కొట్లాట చెప్పిండన్నా" అన్నది. నేను తల దించి ఇంకో పార మట్టి జార్చాను. గుంత నిండింది. మీద మోకాలెత్తు కుప్ప మిగిలింది.

తిరుగు బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఎర్రవల్లి దాటింది. తర్వాత, "నేను రాయ తాతా. సారు లేకుంటే నాతోని గాదు. నాయిన తోని పుణె పోత" అన్నది. నాకు సముదాయించడం రాదు. ఒకటే తొందర, కూర్చున్న సీటులో నిలవలేకపోతున్నాను. ఏం చెప్పాలో తెలియక సారు చెప్పిన ధర్మాలు నాకు గుర్తున్నట్లు పైకి అనడం మొదలుపెట్టాను. ముందు హద్దులు చూడాలి. పేరు మారినా విలువ మారదు. నడుమ ఎక్కడ విరిచినా రెండు తుంటలూ కలిపితే మొత్తమే. సున్నా నుంచి ఏ దాకా ఉంటే కొస నుంచి రావాలి.

"ఎక్స్‌ల నుంచి ఏ తీసెయ్యాలె" అన్నాను.

అది కిటికీ నుంచి తల తిప్పింది. "గట్ల కాదు తాతా. ఏ ల నుంచి ఎక్స్ తియ్యాలె."

"రెండు ఒకటే గదా."

"ఎట్ల ఒకటైతయి? నువ్వు చెప్పినట్ల చేస్తే హద్దు అవతల పడ్తం. సారు ఎన్నిసార్లు చెప్పిండు, చెవులు ఏడ పెట్టినవ్?"

నేను కావాలని తప్పు చెప్పానని మీరు అనుకోవద్దు. నిజంగానే నాకు తెలియదు. నాకు మాటలు గుర్తున్నాయి, లెక్క రాదు. తెలియదని చెప్పడం ఇష్టం లేక వాదించాను. అది కోపంతో కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో కొక్కెం గీసింది. పైన ఒకటి, కింద ఒకటి రాసింది. నాకు అర్థమయ్యేలా చెప్పాలని మొదటి నుంచి ఒకసారి, కొస నుంచి ఒకసారి రాసింది. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది, కింద కృష్ణ రాళ్లు తేలి ఉంది. దానికి నది కనపడలేదు. రెండూ కలిపి, కొట్టేసి, వేలు ఆపింది.

"ఇది సారు బండ మీద ఇడిసిపెట్టిన లెక్క" అన్నది మెల్లగా. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వనపర్తి దాకా ఇంకో అద్దం, ఇంకో లెక్క. పక్క సీటాయన అద్దం ఇచ్చి లేచి ముందుకు పోయాడు.

మర్నాడు పరీక్ష సెంటరు గేటు దగ్గర నేను నిలబడిన చోట నిలబడలేదు. టీ కొట్టుకు పోయాను, తాగకుండా వచ్చాను. గోడ నీడ జరిగినకొద్దీ జరిగాను. గంట కొట్టారు. పిల్లలు వచ్చారు. అది అందరి వెనుక వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. దగ్గరకు వచ్చి, "తాతా, సున్నా వచ్చింది" అన్నది.

 గేటు కడ్డీ పట్టుకున్నాను. దాని నెత్తి మీద తట్ట కనపడింది, నిజంగా కనపడింది. ఏం కాదు బిడ్డా, ఏడవకు అన్నాను.

"నేనెందుకు ఏడుస్త? నీ గుంత, నీ కట్ట లెక్క వచ్చింది. పక్కపిల్ల పేజీ నింపుతుంది. నేను హద్దులు జూసి రెండు వరుసలల్ల తెంపిన. సున్నా."

నేను దాన్ని తిట్టాను. ముసలోణ్ణి చంపుతవా అన్నాను. అది నవ్వింది. సారు పోయాక అది నవ్వడం అదే మొదలు.

తొలకరి పడ్డాక ఫలితాలు వచ్చాయి. పాసైంది. కొడుకు ఫోనులో "డిగ్రీల ఏం తీసుకుంటదట" అని అడిగాడు. లెక్కలే తీసుకుంటుందని గట్టిగా చెప్పాను. ఫోను పెట్టేసి, చెప్పాలని వరండాలోకి వచ్చాను. గోడ అవతల తాళం వేసి ఉంది. బండల మీద సుద్ద వాన జల్లుకు ఎప్పుడో పోయింది. ఇంట్లో ఉండలేకపోయాను. ఇద్దరం గద్వాల బస్సెక్కాం.

సమాధుల తోటలో మట్టి తడిసి నల్లబడింది. పిల్ల తలవైపు నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో చెప్పుకుంది. నేను కాళ్లవైపు గొంతుకూర్చున్నాను. కుప్ప దిగింది. మోకాలెత్తు పోసిన కుప్ప, సారు చెప్పినట్లే దిగింది. వానలు పడ్డాయి, దిగింది. ఇంకా పడతాయి, ఇంకా దిగుతుంది. అది నాకు తెలియదా?

"ఏం జూస్తున్నవ్ తాతా?" అన్నది పిల్ల.

 నేలకు బొటనవేలు ఆనించి, కుప్ప పక్కనుంచి చిటికెన వేలు దాని నెత్తి దాకా చాపాను. ఇంకా జానెడు ఉంది. చిన్న జల్లు మొదలైంది. చెయ్యి తీశాక, తడిమట్టిలో నా వేళ్లు దిగిన చోట ఒక్కో చుక్క నీళ్లు నిలుస్తున్నాయి.